నెట్‌వర్క్ కేబుల్ ఎంత దూరం లాగవచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లయినా, అపార్ట్‌మెంట్ అయినా, బడి అయినా, ఆఫీసు అయినా, ఈథర్నెట్ కేబుల్ పొడవు గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పని జరిగే వరుసలోనే వాటిని ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోట మొదలుపెట్టవచ్చు.

## కేబుల్ కొనకముందు

100 మీటర్లు అంటారు కదా, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు?

నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) పోర్టు నుంచి అవతలి పరికరం పోర్టు వరకు, మధ్యలో ఉన్న ప్రతి ముక్కా కలిపి 100 మీటర్లు. కేబులింగ్ ప్రమాణం దీన్ని రెండు భాగాలు చేసింది. గోడలో, పైపులో కదలకుండా ఉండే కేబుల్ 90 మీటర్లు. ర్యాక్ (స్విచ్ ఉండే అల్మరా) వైపు, టేబుల్ వైపు వాడే ప్యాచ్ కార్డులు, అంటే పొట్టి కేబుల్ ముక్కలు, అన్నీ కలిపి 10 మీటర్లు. పైపులో వెళ్లేది ఒంటి రాగి తీగ ఉన్న సాలిడ్ కేబుల్. ప్యాచ్ కార్డులో సన్నని పోగులు మెలివేసిన స్ట్రాండెడ్ తీగ ఉంటుంది. అది సులువుగా వంగుతుంది, కానీ సిగ్నల్‌ను ఎక్కువ తినేస్తుంది. అందుకే దానికి పది మీటర్లే ఇచ్చారు. ప్లాన్ గీసేటప్పుడు మీ లెక్క 90 దగ్గర ఆగాలి.

ఆ 100 ఎలా వచ్చింది? 101వ మీటరులో ఏమవుతుంది?

101వ మీటరులో ఏమీ కాదు. 100 అనేది సిగ్నల్ నష్టానికి ఇచ్చిన బడ్జెట్. కేబుల్‌లో రెండేసి తీగలు మెలివేసిన నాలుగు జతలుంటాయి. తీగ పొడవు పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనపడుతుంది, పక్క జతల నుంచి చొరబడే సిగ్నల్ మాత్రం అలాగే ఉంటుంది. రెండింటి మధ్య తేడా ఒక హద్దు కంటే తగ్గితే అవతలి చిప్ సున్నానీ ఒకటినీ పోల్చుకోలేదు. క్యాట్5ఈ (కేబుల్ రకం పేరు; క్యాట్6, క్యాట్6ఏ దానికి పై రకాలు) ఛానల్‌కు, అంటే పోర్టు నుంచి పోర్టు వరకు ఉన్న మొత్తం దారికి, 100 మెగాహెర్ట్జ్ దగ్గర 24 డెసిబెల్ నష్టం వరకు అనుమతి ఉంది. 24 డెసిబెల్ అంటే పంపిన శక్తిలో సుమారు 250వ వంతు మాత్రమే అవతలికి చేరుతుంది. చిప్ అంతలోనూ చదవగలదు, అంతకంటే తగ్గితే పూచీ లేదు.

ఢీకొనే ప్యాకెట్లను కనిపెట్టడానికే 100 మీటర్లు పెట్టారని కొందరు చెబుతారు. అది హబ్‌ల (వచ్చిన సిగ్నల్‌ను అన్ని పోర్టులకూ పంపే పాత పెట్టెలు) కాలపు లెక్క. అప్పట్లో మొత్తం నెట్‌వర్క్ విస్తీర్ణానికి అలాంటి హద్దు వేరే ఉండేది. నేటి స్విచ్‌లలో రెండువైపులా ఒకేసారి డేటా నడుస్తుంది, ఢీకొనడమే ఉండదు. అయినా 100 మీటర్ల హద్దు నిలిచి ఉందంటే కారణం సిగ్నల్ నష్టమే.

క్యాట్5ఈ బదులు క్యాట్6 వేస్తే ఇంకా దూరం వెళుతుందా?

వెళ్లదు. గిగాబిట్‌కు క్యాట్5ఈ అయినా, క్యాట్6 అయినా, క్యాట్6ఏ అయినా 100 మీటర్లే. పై రకం కేబుల్ వల్ల పెరిగేది ఆ దూరంలో నడిచే వేగం. 2.5 గిగాబిట్ క్యాట్5ఈ మీద 100 మీటర్లు నడుస్తుంది. 5 గిగాబిట్‌కు 100 మీటర్లు కావాలంటే క్యాట్6 వేయండి. 10 గిగాబిట్ విషయంలోనే తేడా గట్టిగా తెలుస్తుంది. క్యాట్6 మీద అది 55 మీటర్ల వరకే, కేబుళ్లు కట్టలుగా ఒరుసుకుని ఉంటే 37 మీటర్లకే పడిపోవచ్చు. పక్క కేబుల్ నుంచి చొరబడే సిగ్నల్ అందుకు కారణం. 10 గిగాబిట్ పూర్తి 100 మీటర్లు కావాలంటే క్యాట్6ఏ తప్పదు.

క్యాట్7, క్యాట్8 కొంటే?

దూరం కోసమైతే డబ్బు దండగ. క్యాట్8 అసలు దూరం కోసం పుట్టలేదు. అది డేటా సెంటర్లలో 25, 40 గిగాబిట్ వేగాల కోసం వచ్చింది, దాని ఛానల్ హద్దు 30 మీటర్లు మాత్రమే. క్యాట్7ను అమెరికా ప్రమాణాల సంస్థ టీఐఏ గుర్తించలేదు. ఆన్‌లైన్‌లో క్యాట్7 పేరుతో అమ్మే బల్లపరుపు కార్డుల్లో తీగ చాలా సన్నగా ఉంటుంది, ఎక్కువ పొడవుకు అవి పనికిరావు.

గేటు దగ్గర కెమెరా 62 మీటర్ల దూరంలోనే ఉంది. సరిపోతుంది కదా?

సరిపోతుంది. కానీ 62 అనేది కాళ్లతో నడిచిన దూరం, కేబుల్ నడిచే దారి వేరు. ర్యాక్ నుంచి పైకప్పుకు ఎక్కడానికి 3 మీటర్లు, గేటు దగ్గర దిగడానికి మరో 3, లిఫ్ట్ గుంత చుట్టూ తిరిగిరావడానికి 8, ర్యాక్‌లో మళ్లీ క్రింపింగ్ (చివర కనెక్టర్ నొక్కి బిగించడం) చేసుకోవడానికి వదిలే లూప్ 3, కెమెరా దగ్గర 1. అన్నీ కలిపితే 62 కాస్తా 80 అయింది. టేపును కేబుల్ వెళ్లే దారిలోనే పట్టి కొలవండి. అంతస్తులు దాటే పని అయితే ఒక్కో అంతస్తుకు 3 మీటర్లకు పైనే వేసుకోండి.

షాపులో సగం ధరకే క్యాట్6 ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

తీసుకోకండి. అది దాదాపు ఎప్పుడూ సీసీఏ, అంటే అల్యూమినియం తీగ మీద రాగి పూత. ఏ క్యాట్ ప్రమాణమూ దాన్ని ఒప్పుకోదు. అట్ట మీద క్యాట్6 అని రాసి ఉన్నా అది క్యాట్6 కాదు.

షాపులోనే తేల్చుకోవచ్చు. ఒక తీగ తొడుగు తీసి, రాగి మీద బ్లేడు అంచుతో గీయండి. అసలు రాగి ఎంత లోతుకు గీసినా ఎర్రగానే మెరుస్తుంది. సీసీఏ అయితే రెండు గీతలకే లోపల వెండిలా తెల్లటి లోహం బయటపడుతుంది. ఆ తీగను నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరుగుతుంది. బరువు చూసినా తెలుస్తుంది. 23 గేజ్ (తీగ మందానికి కొలత) తీగతో చేసిన 305 మీటర్ల క్యాట్6 పెట్టెలో రాగి ఒక్కటే ఐదున్నర కిలోలకు పైగా ఉండాలి. ప్లాస్టిక్, తొడుగు, అట్టపెట్టె బరువులు దానికి అదనం. పెట్టెను ఒక చేత్తో తేలిగ్గా ఎత్తగలిగితే అనుమానించండి.

మోసం వెంటనే బయటపడదు. ఎక్కువ పౌనఃపున్యాల్లో విద్యుత్తు తీగ పైపొరలోనే నడుస్తుంది కాబట్టి డేటా రాగి పూత మీదుగా చాలావరకు వెళ్లిపోతుంది. డీసీ కరెంటు మాత్రం తీగ మొత్తంలో నడుస్తుంది, అక్కడ నిరోధం రాగి కంటే సగం పైగా ఎక్కువ. పీఓఈ కెమెరాలు, అంటే నెట్ కేబుల్ మీదుగానే కరెంటు తీసుకునేవి, పెట్టాక ఇబ్బంది మొదలవుతుంది. అప్పటికి కేబుల్ గోడలో పూడిపోయి ఉంటుంది.

## లాగేటప్పుడు

టెర్రస్ మీద ఎండలో కేబుల్ వెళుతుంది. పొడవు లెక్క మారుతుందా?

మారుతుంది, మన దగ్గర దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం నిజంగా బాధాకరం. 90 మీటర్ల హద్దు 20 డిగ్రీల వేడికి వేసిన లెక్క. రామగుండంలో, రెంటచింతలలో మే నెలలో గాలే 45 డిగ్రీలు దాటుతుంది. శ్లాబు మీద ఎండలో ఉన్న పీవీసీ పైపు లోపల ఇంకా ఎక్కువ. వేడెక్కిన కేబుల్ ఎక్కువ సిగ్నల్‌ను తింటుంది. కవచం లేని యూటీపీ కేబుల్‌కు 20 నుంచి 40 డిగ్రీల వరకు డిగ్రీకి 0.4 శాతం, ఆపైన 60 వరకు డిగ్రీకి 0.6 శాతం నష్టం పెరుగుతుంది.

టీఐఏ పట్టిక ప్రకారం 90 మీటర్లు వేయదగ్గ చోట 30 డిగ్రీలకు 87, 40కి 84, 50కి 79.5, 60కి 75 మీటర్లే వేయాలి. ఎండలో వెళ్లే లైనుకు 75ను హద్దుగా పెట్టుకోవడం మంచిది. కవచం ఉన్న కేబుల్ అయితే 60 డిగ్రీల దగ్గర కూడా 83 మీటర్లు వస్తుంది. జనవరిలో బాగా నడిచి ఏప్రిల్ నుంచి మధ్యాహ్నం పూట తెగిపోయే లింకులు చూస్తే ముందు ఈ లెక్కే వేయండి.

బయటికి వెళ్లే కేబుల్ నల్ల పాలిథీన్ తొడుగుతో, బయట వాడటానికి చేసినదై ఉండాలి. ఇంట్లో వాడే బూడిద రంగు పీవీసీ తొడుగు ఎండకు పగిలిపోతుంది. ఆ పగుళ్లలోంచి వాన నీళ్లు దిగితే నష్టం ఇంకా పెరుగుతుంది.

కరెంటు పైపులోనే నెట్ కేబుల్ కూడా లాగేయవచ్చా?

వద్దు. మొదటి కారణం ప్రాణభయం. కరెంటు తీగ తొడుగు ఎక్కడ దెబ్బతిన్నా 230 వోల్టులు స్విచ్ దాకా వస్తాయి. రెండోది, మోటారు ఆన్ చేసినప్పుడల్లా వచ్చే అలజడి డేటాలో తప్పులు పుట్టిస్తుంది. వేరే పైపు వేసి, పక్కపక్కనే వెళ్లాల్సిన చోట ఒక అడుగు ఎడం ఉంచండి. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

కేబుల్ గట్టిగా లాగితే, వంచితే ఏమవుతుంది?

లోపలి మెలికలు సాగిపోతాయి. ఈ కేబుల్ బలమంతా ఆ మెలికల్లోనే ఉంది. లాగే బలం సుమారు 11 కిలోలు మించకూడదు. పైపులో ఇరుక్కుంటే ఇద్దరు కలిసి గుంజడం కాదు, వెనక్కి తీసి సోప్‌స్టోన్ పౌడర్ వేసి మళ్లీ పంపాలి. వంపు వ్యాసార్ధం కేబుల్ మందానికి నాలుగు రెట్లకు తగ్గకూడదు. క్యాట్6కు అది సుమారు రెండున్నర సెంటీమీటర్లు, అంటే టీ గ్లాసు చుట్టూ తిరిగినంత వంపు. కేబుళ్లను కట్టే ట్యాగులు కూడా తొడుగు నొక్కుకుపోయేలా బిగించకండి.

పని మధ్యలో కేబుల్ తెగింది. మెలిపెట్టి టేపు చుట్టేస్తే నడుస్తుందా?

చిన్న లైనులో 100 మెగాబిట్‌కు నడిచినట్టు కనిపిస్తుంది. నమ్మకండి. జాయింట్ దగ్గర మెలిక విప్పి ఉంటుంది, అక్కడి నుంచి సిగ్నల్ కొంత వెనక్కి తిరిగి వస్తుంది, కొన్నాళ్లకు తీగలు తుప్పు పడతాయి. కొత్త కేబుల్ లాగడమే సరైన పని. అది కుదరకపోతే రెండు చివర్లా పంచ్ డౌన్ చేసే (తీగలను గాడిలోకి నొక్కి బిగించే) మంచి కప్లర్, అంటే రెండు ముక్కలను కలిపే పెట్టె, పెట్టి, చేయి అందే జంక్షన్ బాక్సులో ఉంచండి. ఒక ఛానల్‌లో నాలుగు కనెక్షన్ల వరకు ప్రమాణం ఒప్పుకుంటుంది, కప్లర్ అందులో ఒకటి.

మొత్తం దూరం రెడీమేడ్ ప్యాచ్ కార్డుతోనే వేస్తే?

24 గేజ్ స్ట్రాండెడ్ తీగ సాలిడ్ కంటే 20 శాతం ఎక్కువ నష్టం చూపుతుంది. ఆ లెక్కన మొత్తం దూరం 85 మీటర్ల దగ్గరికి వస్తుంది. 26 గేజ్ అయితే నష్టం 50 శాతం ఎక్కువ. ఇప్పుడు అందంగా సన్నగా వస్తున్న 28 గేజ్ కార్డులు ర్యాక్ లోపల మీటరో రెండు మీటర్లో వాడుకోవడానికే. గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి.

మిగిలిన 20 మీటర్లు కోయకుండా చుట్ట చుట్టి పెట్టాం. అది కూడా లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. సిగ్నల్ ఆ చుట్టంతా తిరిగే వెళ్లాలి. ర్యాక్ దగ్గర 2, 3 మీటర్లు, పరికరం దగ్గర ఓ అడుగు ఉంచి మిగతాది కోసేయండి.

## పీఓఈ, కెమెరాలు

పగలు బాగానే ఉన్న కెమెరా రాత్రి ఆరిపోతోంది. కేబుల్ పొడవు వల్లా?

చాలాసార్లు అదే. చీకటి పడగానే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంటు వాడకం పెరుగుతుంది, దాంతో కేబుల్‌లో వోల్టేజీ పడిపోతుంది.

12 వోల్టుల అడాప్టర్‌ను చవక స్ప్లిటర్ ద్వారా నీలం, గోధుమ రంగు జతల మీద పంపే పద్ధతిలో ఇది మరీ ఎక్కువ. 60 మీటర్ల కేబుల్‌లో పోనూ రానూ కలిపి 5.6 ఓమ్‌ల దాకా నిరోధం ఉంటుంది. పగలు 0.25 ఆంపియర్లు తీసుకుంటే 1.4 వోల్టులు పోయి కెమెరాకు 10.6 చేరతాయి, అది నడుస్తుంది. రాత్రి 0.5 ఆంపియర్లు లాగితే 2.8 పోయి 9.2 మిగులుతాయి. కెమెరా రీస్టార్ట్ అవుతుంది, లైట్లు ఆరి వాడకం తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడిపోతుంది.

అసలైన పీఓఈ స్విచ్ 44 వోల్టులకు తగ్గకుండా పంపుతుంది కాబట్టి ఈ బాధ తక్కువ. మొదటి తరం పీఓఈలో పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, 100 మీటర్ల అవతల 12.95 వాట్లకు హామీ. రెండో తరంలో 30 ఇస్తే 25.5 చేరతాయి. ఈ రెండో తరం లెక్కలో కేబుల్ నిరోధం 12.5 ఓమ్‌లు దాటకూడదు. రాగి కేబుల్ 100 మీటర్లకు 9.4 దగ్గర ఉంటుంది. సీసీఏ 14 దాటేస్తుంది. అందుకే అటూ ఇటూ తిరిగే పీటీజెడ్ కెమెరాలు సీసీఏ మీద నిలవవు.

స్విచ్ మీద ‘ఎక్స్‌టెండ్’ మీట జరిపితే 250 మీటర్లు అంటున్నారు. నిజమేనా?

నడుస్తుంది, కానీ అది ప్రమాణంలో లేని సౌకర్యం. మీట జరపగానే పోర్టు 10 మెగాబిట్‌కు దిగుతుంది. తక్కువ వేగానికి తక్కువ పౌనఃపున్యం చాలు, అందుకే దూరం పెరుగుతుంది. బిట్‌రేట్‌ను 4 మెగాబిట్ దగ్గర పెట్టిన ఒక్క కెమెరాకు ఇది చాలు. నాలుగు కెమెరాలున్న ఇంకో స్విచ్‌ను దాని అవతల కలపకండి. 250 మీటర్ల రాగిలో నిరోధం 23 ఓమ్‌లు దాటుతుంది కాబట్టి ఐదారు వాట్ల చిన్న కెమెరాలకే వాడండి. సీసీఏతో ఆశ పెట్టుకోవద్దు.

## క్రింపింగ్, పరీక్ష

టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. అయినా నెట్ రావట్లేదు, ఎందుకు?

ఆ టెస్టర్ చూసేది తీగ ఆ చివర నుంచి ఈ చివరికి తెగకుండా ఉందా అన్నదే. జతలు సరిగ్గా ఉన్నాయో లేదో దానికి తెలియదు. ఎక్కువగా జరిగే పొరపాటు ఇది: రంగులను తోచిన వరుసలో, జత పక్కన జతగా, రెండు చివర్లా ఒకేలా పెట్టి క్రింప్ చేయడం. లైట్లన్నీ వెలుగుతాయి. కానీ ఈథర్నెట్‌కు 3, 6 పిన్నులు ఒకే జత కావాలి. ఇక్కడ 3 ఒక జతలోది, 6 ఇంకో జతలోది అయిపోయాయి. 3 మీటర్ల కార్డులో పనిచేస్తుంది, 40 మీటర్ల లైనులో చేయదు. అందుకే నింద పొడవు మీద పడుతుంది.

టీ568బీ అనే ప్రామాణిక రంగుల వరుస ఎడమ నుంచి ఇది: నారింజ చారల తెలుపు, నారింజ, ఆకుపచ్చ చారల తెలుపు, నీలం, నీలం చారల తెలుపు, ఆకుపచ్చ, గోధుమ చారల తెలుపు, గోధుమ. ఆకుపచ్చ జత విడిపోయి నీలం జతకు అటూ ఇటూ నిలుస్తుంది. మెలిక విప్పేది అర అంగుళం మించకూడదు. కనెక్టర్ నొక్కు కింద బయటి తొడుగు కూడా పడాలి.

గిగాబిట్ స్విచ్, కంప్యూటర్‌లో గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు. అయినా 100 మెగాబిట్టే చూపిస్తోంది. దూరం ఎక్కువైందా?

ముందు అనుమానించాల్సింది నీలం, గోధుమ జతలను. 100 మెగాబిట్‌కు నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. ఒక తీగ తెగినా, పిన్ను దిగకపోయినా, చాలా నెట్‌వర్క్ కార్డులు 100కు దిగి సర్దుకుంటాయి. కొన్ని సర్దుకోక లింకు వస్తూ పోతూ ఉంటుంది. రెండు చివర్లూ కోసి మళ్లీ క్రింప్ చేస్తే ఎక్కువసార్లు తీరిపోతుంది. అప్పటికీ తీరకపోతే పొడవు చూడండి.

దూరం పెరిగేకొద్దీ స్పీడ్ మెల్లగా తగ్గుతుందా?

తగ్గదు. 90 మీటర్ల దగ్గరా 5 మీటర్ల దగ్గరా గిగాబిట్ గిగాబిట్టే. 100 మీటర్లు దాటడానికి సిగ్నల్‌కు అర మైక్రోసెకను పడుతుంది, ఆటల్లో కూడా ఆ తేడా తెలియదు. హద్దు దాటాక ప్యాకెట్లు పాడైపోవడం మొదలవుతుంది, పాడైనవి మళ్లీ పంపాల్సి వస్తుంది, అది మనకు నెమ్మదిగా కనిపిస్తుంది.

గోడలో ఉన్న కేబుల్ పొడవు ఎలా తెలుసుకోవాలి?

తొడుగు మీద మీటరు మీటరుకూ అచ్చయిన అంకెలుంటాయి. ర్యాక్ దగ్గర 241, అవతల గోడ మీది ఫేస్‌ప్లేట్ వెనక 168 ఉంటే మధ్యలో 73 మీటర్లు. కొన్ని కేబుళ్ల మీద అడుగుల్లో ఉంటుంది, అంకె పక్కన ఉన్న అక్షరం చూసుకోండి. అంకెలు చెరిగిపోతే మల్టీమీటర్ చాలు. అవతల ఒక జతలోని రెండు తీగలను కలిపి ఇవతల ఓమ్‌లు కొలవండి. 24 గేజ్ రాగికి 100 మీటర్లకు సుమారు 17 నుంచి 19 ఓమ్‌లు. 50 మీటర్లని తెలిసిన లైనులో 13 వస్తే అది రాగి కాదు, లేదా ఎక్కడో జాయింట్ చెడింది.

సర్టిఫికేషన్ టెస్టర్ 95 మీటర్లు చూపి కూడా పాస్ అంటోంది. 90 కదా హద్దు?

టెస్టర్ పొడవును నేరుగా కొలవదు. సిగ్నల్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం నుంచి లెక్క కడుతుంది. ఆ వేగం కేబుల్‌ను బట్టి కొంచెం మారుతుంది కాబట్టి పొడవుకు 10 శాతం సడలింపు ఉంది. మెలికల బిగువు వేరు కనుక నాలుగు జతల పొడవులూ నాలుగు రకాలుగా కనిపిస్తాయి, అదీ మామూలే. రిపోర్టులో ముఖ్యంగా చూడాల్సింది సిగ్నల్ నష్టం, జతల మధ్య చొరబాటు ఎంత మిగులుతో పాసయ్యాయన్నది.

110 మీటర్లు లాగేశాం, బాగానే పనిచేస్తోంది. వదిలేయవచ్చా?

మంచి రాగి, చల్లటి దారి, మంచి చిప్ ఉంటే 110 నడవడం వింత కాదు. అయితే ఆ లైను మీద మిగులు ఏమీ లేదు. స్విచ్ పేజీలో ఆ పోర్టు సీఆర్‌సీ తప్పుల (పాడై వచ్చిన ప్యాకెట్ల) లెక్కను సున్నా చేసి, పెద్ద ఫైలు ఒకటి కాపీ చేసి, మళ్లీ చూడండి. వేసవి మధ్యాహ్నం కూడా చూడండి. ఒక్క తప్పు కూడా లేకపోతే సొంత ఇంట్లో వాడుకోండి. కస్టమర్‌కు అప్పగించే పని అయితే, ఆసుపత్రికో బడికో అయితే, అలా వదలకండి.

## 100 మీటర్లు దాటాల్సి వస్తే

మధ్యలో స్విచ్ పెడితే మళ్లీ 100 మీటర్లు దొరుకుతాయా?

దొరుకుతాయి. స్విచ్ ప్యాకెట్‌ను పూర్తిగా చదివి కొత్తగా పంపుతుంది, పాత నష్టం ముందుకు రాదు. నాలుగు హబ్‌లకు మించకూడదన్న పాత నియమం స్విచ్‌లకు వర్తించదు. అయినా వరసగా ఏడు దాటించకండి. మధ్యలో కరెంటు పాయింటు లేకపోతే పీఓఈతోనే నడిచే ఎక్స్‌టెండర్ దొరుకుతుంది. అది తన వాటా వాట్లు తీసుకుంటుందని లెక్కలో వేసుకోండి. చెట్టు మీదో, గోడ మీదో డబ్బాలో పెట్టిన స్విచ్ వానకు, ఎండకు, చీమలకు మొదట పోయే పరికరం అవుతుంది.

ఫైబర్‌కు ఎప్పుడు మారాలి?

రాగి 90 మీటర్లు దాటుతుందని ప్లాన్‌లోనే తెలిస్తే నేరుగా ఫైబర్ వేయండి. మధ్యలో రెండు స్విచ్‌లు, వాటికి కరెంటు, డబ్బాలు లెక్కేస్తే ధర దగ్గరదగ్గరగానే వస్తుంది. కొత్తగా వేసేదైతే సింగిల్ మోడ్ రకం ఫైబర్ తీసుకోండి. గిగాబిట్ ఎల్ఎక్స్ అనే ఫైబర్ ఈథర్నెట్ రకం దాని మీద 5 కిలోమీటర్లు వెళుతుంది, రేపు 10 గిగాబిట్ కావాలన్నా అదే ఫైబర్ చాలు. రెండు పోగులకు బదులు నాలుగో ఆరో పోగులున్న కేబుల్ వేయండి. ఒకే పోగు మీద నడిచే మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను రాగి కేబుల్‌కు కలిపే పెట్టెలు) ఏ, బీ జతగా రావాలి. రెండూ ఏ కొంటే లింకు రాదు.

రెండు భవనాల మధ్య 40 మీటర్లే. దానికి రాగి చాలు కదా?

పొడవు చాలు, కానీ భద్రత చాలదు. రెండు భవనాల ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా ఉంటే అది కేబుల్ మీదుగా పరికరాల్లోకి వస్తుంది. దగ్గర్లో పిడుగు పడితే రెండు వైపుల స్విచ్‌లూ ఒకేసారి కాలిపోవచ్చు. ఫైబర్ విద్యుత్తును మోయదు. లోపల ఇనుప తీగ లేని ఫైబర్ కేబుల్ అడిగి తీసుకోండి. రాగి తప్పనిసరైతే రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, వాటిని మంచి ఎర్త్‌కు కలపాలి.

ఒకే జతతో కిలోమీటరు వెళ్లే ఈథర్నెట్ వచ్చిందట, అది వాడుకోవచ్చా?

వచ్చింది. 2019లో ప్రమాణమైంది, 10 మెగాబిట్ వేగంతో ఒకే జత మీద 1000 మీటర్లు వెళుతుంది. కానీ అది ఫ్యాక్టరీల్లో సెన్సర్లు, మీటర్ల కోసం చేసింది. దానికి వేరే చిప్పున్న పరికరాలు రెండు చివర్లా ఉండాలి. మీ దగ్గరున్న మామూలు స్విచ్‌కో కెమెరాకో నేరుగా కలపలేరు.